మజుందార్ అంటే ఏ కులం?

బాబాయి: ముఖోపాధ్యాయ్ అంటే బ్రాహ్మణుడు, సేన్‌గుప్తా అంటే బైద్యుడు, ఘోష్ అంటే కాయస్థుడు. బెంగాలీల పేరు చివరే కులం ఉంటుంది విమలా. మజుందార్ మాత్రం దానికి అతీతమా?

విమల: ఘోష్ దగ్గరే పప్పులో కాలేశారు బాబాయ్. పాడి చేసే గోపుల్లోనూ ఘోష్‌లున్నారు. ఇక మజుందార్ కొలువు పేరు. వాళ్లు ఇంటిపేరుని ‘పదవి’ అనే అంటారు కదా! అరబీ ‘మజ్మూఅ’ అంటే మొత్తం కూడిక, పారసీ ‘దార్’ అంటే దాన్ని చేతిలో ఉంచుకునేవాడు. మన ‘జమ’ కూడా ఆ ధాతువులోదే. పరగణాలో కట్టాల్సిన శిస్తెంత, వసూలైందెంత, మిగిలిందెంత అని చూపే లెక్కని ‘జమా వాసిల్ బాకీ’ అనేవారు. ఊరూరి లెక్కలు కలిపి ఆ దస్తరాలు చూసుకునేవాడు మజుందారు. కొలువు తండ్రి నుంచి కొడుక్కొచ్చేది, దాంతోపాటు పేరూ. జహంగీరు కాలంలో నదియా జమీందారీ పొందిన భవానంద మజుందార్ బ్రాహ్మణుడు. చరిత్రకారుడు రమేశ్‌చంద్ర మజుందార్ బైద్యుడు. సిల్హెట్ వైపు ముస్లిం మజుందార్లున్నారు. వీళ్లందరిదీ ఏ కులమంటారు?

బాబాయి: ముస్లింలు ఇంగ్లీషులో జెడ్‌తో రాస్తారు. అది వేరే పేరు.

విమల: హిందువుల్లోనూ జెడ్‌తో రాసేవాళ్లున్నారు. బెంగాలీలో రాస్తే అందరిదీ ఒకటే, అదే ‘జ’.

బాబాయి: స్పెల్లింగ్ తేడాని అంత తేలిగ్గా తీసెయ్యకు.

విమల: ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు. దానికి వంశంతో పనేముంది?

బాబాయి: సరే, కొలువే అనుకుందాం. పారసీ చదివి పద్దులు రాయగలిగిందెవరు? నువ్వు చెప్పిన హిందువులిద్దరూ పైకులాలవాళ్లే. అట్టడుగు కులమైన బాగ్దీల్లో ఒక్కరి పేరు చెప్పగలిగావా? కలం ఎవరి చేతిలో ఉందో కొలువు వాళ్లకే దక్కింది.

విమల: అది నిజమే, కాదనను. అయితే బిశ్వాస్, సర్కార్ కూడా కొలువుల నుంచి వచ్చినవే, అవి అంటరానివాళ్లుగా చూసిన నమశూద్రుల్లో బోలెడు. పేరు చూసి తీర్పు చెప్పొద్దనే నా పోరంతా.

బాబాయి: మరి తెలుసుకునేదెట్లా? గోత్రం అడగనా?

విమల: దాంతో తేలదు. కాశ్యప గోత్రం బ్రాహ్మణులకీ ఉంది, కాయస్థులకీ ఉంది. ‘ఆది పదవి’, అంటే కొలువుకి ముందున్న ఇంటిపేరు ఏమిటని అడగాలి. పిల్లల కథల రచయిత దక్షిణారంజన్ మిత్ర మజుందార్ పేరు చూడండి. ‘మిత్ర’ కాయస్థుల్లో కులీనుల, అంటే పైమెట్టు వంశాలవాళ్ల పేరు, ‘మజుందార్’ కొలువుది. చాలా ఇళ్లలో ఆ ముందుది రాలిపోయింది, కొలువే మిగిలింది.

బాబాయి: కులజీలున్నాయిగా, వంశావళులు!

విమల: అవి రాసింది సంబంధాలు కుదిర్చే ఘటకులు. కనౌజు నుంచి ఐదుగురు బ్రాహ్మణుల్ని రప్పించాడని వాటిలో ఉన్న ఆదిశూరుడనే రాజు పేర ఒక్క శాసనమూ దొరకలేదు. బల్లాలసేనుడు కులీనత్వం పెట్టాడంటారు, సేనరాజుల శాసనాల్లో ఆ ఊసే లేదు.

బాబాయి: అయినా పెళ్లిళ్లప్పుడు వాటినే నమ్మారుగా జనం!

విమల: నమ్మారు. ఆ నమ్మకంతోనే ఒక్కో కులీనుడికి పదుల కొద్దీ ఆడపిల్లల్ని కట్టబెట్టారు.