మలుపు వాలు గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ మలుపు దగ్గరి రోడ్డు వాలు గారి సముఖమునకు,

మా ఊరి అవతల 60 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగే మలుపులో, బయటి అంచును కాస్త పైకెత్తి ఏళ్ల తరబడి మౌనంగా పడి ఉన్న తమరి మీద మా బావగారి తరఫున ఈ ఫిర్యాదు రాస్తున్నాను. అక్కడి గంటకు 40 కిలోమీటర్ల వేగపరిమితి బోర్డు పిరికివాళ్ల కోసమని నమ్మి ఆయన 80లో తిప్పుతారు. అప్పుడు కారు బయటికి లాగడం తమరి చేతకానితనమేనని ఆయన అభియోగం.

తమరి వాదన నేనెరుగుదును. మన రహదారి ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో తమరి వాలు నూటికి 7 పాళ్లు మించరాదు. అంటే 7 మీటర్ల వెడల్పు రోడ్డుకు బయటి అంచు 49 సెంటీమీటర్లు మాత్రమే ఎత్తు. ఘర్షణ సాయం లేకుండా ఆ వాలు బండిని తిప్పగలిగేది గంటకు 23 కిలోమీటర్ల వేగంలో. ఘర్షణ గుణకాన్ని, అంటే రోడ్డు మీద టైర్ల పట్టుకు కొలతను, జాగ్రత్తగా 0.15గా లెక్కిస్తే 40 దాకా. బోర్డు మీది అంకెకు మూలం అదే. వేగం రెట్టింపైతే బండిని మలుపు లోపలికి లాగి తిప్పే అభికేంద్ర బలం నాలుగు రెట్లు కావాలి గనుక, 80కి వాలొక్కటే సరిపోవాలంటే తమరు 40 డిగ్రీలు ఒరగాలి. అప్పుడది రోడ్డు కాదు, పెంకుటింటి కప్పు. గడ్డి మోపులతో నింపాదిగా వచ్చే ఎడ్లబండి దాని మీద లోపలి వైపుకు బోర్లా పడుతుంది. ఆ బండిని కూడా తలచుకొనే మన ఇంజనీర్లు వాలును రోడ్డుకు నిర్ణయించిన వేగంలో ముప్పాతిక వంతుకే లెక్కగడతారు. ఇద్దరికీ మర్యాద చేయబోయి తమరు ఎవరి మెప్పూ పొందలేదు.

"నా కారు బరువైనది, రోడ్డును పట్టుకొని పోతుంది" అని బావగారి ధీమా. బరువు పెరిగితే పట్టు ఎంత పెరుగుతుందో, తిప్పడానికి కావలసిన బలమూ అంతే పెరుగుతుందని, సమీకరణంలో రెండు వైపులా ఉన్న ద్రవ్యరాశి కొట్టివేతకు గురవుతుందని (ఇంటర్లో ఆయనకూ ఇదే పాఠం) ఎవరు చెప్పినా వినరు. 80లో ఆయనకు కావలసిన ఘర్షణ గుణకం 0.7 పైమాటే. పొడి తారు, మంచి టైర్లు దాదాపు అంత ఇవ్వగలవు కాబట్టే ఇన్నాళ్లూ ఆయన వాదన నెగ్గింది. తడి రోడ్డు ఇవ్వలేదు.

కనుక ఆయనకు జవాబు తమరే ఇవ్వవలసి ఉంది. అయితే దయచేసి తొలకరి రోజున మాత్రం ఇవ్వకండి. జ్యేష్ఠంలో పెళ్లికి అదే కారులో వెళ్తున్నాం.

ఇట్లు,
వెనక సీట్లో పై పిడికి వేలాడుతూ,
తమ విధేయుడు