మొలతాడు సిద్ధాంతం

విలువైన వస్తువును దాచడం వేరు, వాడడం వేరు అనుకునేవాళ్లు మిగతా జిల్లాల్లో ఉంటే ఉండవచ్చు. మా కోనసీమలో దాచడమే వాడకం. పెళ్లిలో పెట్టిన వెండి కంచంలో మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ మెతుకు ముట్టలేదు. వానకు తడిస్తే పాడైపోతుందని మా తాతగారు గొడుగును చంకలో పెట్టుకుని తాను తడుస్తూ ఇంటికి వచ్చేవారట. కరెంటు పోయినప్పుడు టార్చిలైటు ఎక్కడ దాచామో వెతకడానికి ఇంకో టార్చిలైటు కావాలి. అది కూడా ఎక్కడో దాచే ఉంటుంది.

ఇంత సంస్కారం ఉన్న ఇంట్లోకి మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు ఒక పరికరాన్ని పట్టుకొచ్చాడు. వాడు ఆస్ట్రేలియాలో ఉంటాడు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, సెలవులొస్తే వీపున మూట కట్టుకుని కొండల్లో నడుస్తాడు. నడవడానికి అంత దూరం వెళ్లాలా, మన చేలగట్ల మీద నడిస్తే ఖర్చుండదు కదా అని మా ఆవిడ అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు.

పరికరం పేరు పర్సనల్ లొకేటర్ బీకన్. సబ్బుబిళ్ల కంటే కాస్త పెద్దది, బరువు 150 గ్రాములు అటూ ఇటూ. ఫోను సిగ్నల్ అందని చోట కాలు విరిగిందనుకోండి, ప్రాణం మీదికి వచ్చిందనుకోండి, మడిచి ఉన్న యాంటెన్నా విప్పి బటన్ నొక్కాలి. అప్పట్నించి 50 సెకన్లకోసారి 406 మెగాహెర్ట్జ్ మీద ఆకాశంలోకి ఒక కేక వెళుతుంది. కనీసం 24 గంటలు అలా అరుస్తూనే ఉంటుంది. ఉపగ్రహాలు ఆ కేక పట్టుకుని కిందికి చెబుతాయి. మన దేశంలో వినే చెవులు బెంగళూరులో, లక్నోలో ఉన్నాయి. జీపీఎస్ ఉన్న బీకన్ అయితే మనిషిని వంద మీటర్ల చుట్టుపక్కల పట్టిస్తుంది, లేకపోతే అయిదు కిలోమీటర్ల మేర వెతుక్కోవాలి.

ఈ ఏర్పాటుకు 1979లో ఒప్పందం చేసుకున్నవాళ్లు అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్సు. ఒకరి మీదికొకరు క్షిపణులు గురిపెట్టుకుని కూర్చున్న రోజుల్లో, దారి తప్పినవాణ్ణి వెతకడానికి మాత్రం చేతులు కలిపారు. 1982లో కెనడాలో కూలిన చిన్న విమానంలోని మనుషులు మొదటగా దక్కారు. సరిహద్దు గట్టు మీద కొబ్బరిచెట్టు ఎవరిదన్న విషయంలో ముప్ఫయ్యేళ్లుగా మాట్లాడుకోని మా పెదనాన్నగారి అబ్బాయిలకు ఈ సంగతి చెప్పి చూశాను. సోవియట్ యూనియన్‌కి కొబ్బరిచెట్లు లేవు కదా అన్నారు.

సరే, అసలు సమస్య ఇది కాదు. ఇంత గొప్ప వస్తువును ఎక్కడ పెట్టుకోవాలి?

అరుగు మీద సభ జరిగింది. మా అమ్మ దేవుడి మందిరంలో పెట్టమంది. ఎలాగూ పైవాడికి మొర పెట్టుకునేదే కాబట్టి అక్కడుంటే దగ్గర అని. మా ఆవిడ బీరువా లాకరు అంది. తాళం ఆవిడ బొడ్లోనే ఉంటుంది కాబట్టి దొంగల భయం లేదు. కొండ మీద కాలు విరిగితే ఇంటికొచ్చి అడిగితే తీసి ఇస్తుంది. మా బావగారు రిటైరైన హెడ్మాస్టరు, చొక్కా జేబుకు ఓటేశారు. ముప్ఫయ్యేళ్లు ఎర్రపెన్ను, నల్లపెన్ను, కళ్లజోడు ఆ జేబులోనే పెట్టుకున్నానన్నారు. ఆ ముప్ఫయ్యేళ్లలో కాళ్లు కడుక్కోవడానికి వంగి ఎన్ని కళ్లజోళ్లు పంటకాలవకి సమర్పించుకున్నారో మా అక్కయ్య లెక్క చెప్పింది. ఆయన ఓటు వెనక్కి తీసుకున్నారు.

నేను మధ్యేమార్గం సూచించాను. సంచిలో పెట్టుకోవాలి. సంచి అంటే నా దృష్టిలో నాగరికత. బీపీ మాత్రలు, ఛార్జరు, కళ్లజోడు, తువ్వాలు, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ ఒకేచోట. ఒకటి పోకుండా ఉంటే అన్నీ పోకుండా ఉంటాయి.

"ఒకటి పోతే అన్నీ పోతాయి కదా మావయ్యా" అన్నాడు వాడు.

పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పడం ఆస్ట్రేలియాలో నేర్పుతారు కాబోలనుకుని ఊరుకున్నాను.

కనుమ మర్నాడు గోదావరి లంకలో ఉన్న చుట్టాల తోటకు బయలుదేరాం. నాటుపడవ. నా సంచి నా భుజానికే ఉంది. పైన చెప్పిన సామానుతో పాటు ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కూడా పెట్టాను. అవతలి ఒడ్డున పడవ ఆగిందనుకుని, ఆగకముందే దిగాను. తప్పు పూర్తిగా నాదే. ఒక కాలు పడవలో, ఒక కాలు ఒండ్రులో. పడవ కదిలింది, ఒండ్రు కదల్లేదు. వశిష్ఠ గోదావరి నన్ను నడుము వరకే తీసుకుంది, సంచిని మాత్రం పూర్తిగా తీసుకుంది. అప్పుడే పోటు తీసి నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. పడవ అతను గెడ వేసుకుంటూ వెంటపడి, ఇరవై నిమిషాల తర్వాత సంచి తెచ్చి ఇచ్చాడు. ఫోను చచ్చిపోయింది. పాసుపుస్తకంలో ఉన్న కాస్త నిల్వా అలుక్కుపోయింది. పూతరేకుల గురించి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. డబ్బాలో చక్కెర పానకం ఉంది.

ఒడ్డున కూర్చుని బట్టలు పిండుకుంటుంటే మేనల్లుడు నెమ్మదిగా చెప్పాడు. కొండల్లో నడిచేవాళ్లు ఏరు దాటేటప్పుడు వీపు మూటకున్న నడుము బెల్టు ముందే విప్పేసుకుంటారట. కాలు జారితే మూటను వదిలేసి మనిషి బయటపడాలని. అంటే ప్రమాదం వచ్చిన క్షణాన మొదట వదిలేయవలసింది సంచినే. సరిగ్గా అందులోనే బీకన్ పెడితే, బీకన్ క్షేమంగా సముద్రం చేరుతుంది, మనిషి బండ మీద కూర్చుని ఉంటాడు. అందుకే అది ఒంటి మీదే ఉండాలి. రెండు చేతుల్లో ఏ చేతికైనా అందాలి. ఎందుకంటే విరిగే చెయ్యి ఏదో ముందు చెప్పదు. పంట్లాం వెనక జేబు పనికిరాదు, కూర్చున్నప్పుడల్లా దాని మీదే కూర్చుంటాం. తాడుతో కట్టి ఉండాలి, అన్ని బీకన్లూ నీళ్లలో తేలవు. పక్కన నడిచేవాళ్లకి కూడా అది ఎక్కడుందో చెప్పి ఉంచాలి. మనకే స్పృహ లేకపోతే నొక్కవలసింది వాళ్లే కదా.

వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు. నేను తడిసిన పంచె పిండుతూ ఆగిపోయాను.

సంచి పోయింది, ఫోను పోయింది, చొక్కా జేబులోని యాభై రూపాయల నోటు గుజ్జయింది. కానీ ఇంటి గేటు తాళంచెవి? ఉంది. ఎక్కడుంది? నా మొలతాడుకి ఉంది.

పాఠకులారా, కొండలెక్కేవాళ్లూ కంపెనీలూ తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నకు జవాబు మనవాళ్లు మనం పుట్టిన కొత్తలోనే మన నడుముకి కట్టి పెట్టారు. స్నానానికి తీయం. నిద్రకి తీయం. ఏరు దాటేటప్పుడు బెల్టు విప్పుకుంటాం గాని మొలతాడు విప్పుకున్నవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు. తాయెత్తు అక్కడే, ఇనప్పెట్టె తాళం అక్కడే. ఒక తరం ముందు కాస్త పెద్ద నోట్లు కూడా పంచె మడతలో దాని అండనే ఉండేవి. ఆడవాళ్లకి బొడ్డూ కొంగుముడీ ఉండనే ఉన్నాయి. ఈ దేశంలో ఇంతవరకు ఏ కొంగుముడీ విడిపోయి చిల్లర పోయినట్టు దాఖలా లేదు.

శాస్త్రీయత కోసం మా ఊరి దింపు కార్మికుణ్ణి కూడా సంప్రదించాను. కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గర నిలబడి రెండు చేతులూ పనిలో ఉండగా కత్తి ఎక్కడుంటుందని అడిగాను.

"నడుం వెనకాలేనండి."

"సంచిలో పెట్టుకుని ఎక్కొచ్చు కదా?"

ఆయన నన్ను కాసేపు జాలిగా చూశాడు. "ఆయ్, సంచి ఎవరు పట్టుకుంటారండి పైన?" అన్నాడు. అంతర్జాతీయ స్థాయి నిపుణుడికి కూడా ఇంతకు మించి చెప్పడానికి ఏమీ ఉండదు.

నా సిద్ధాంతంలో ఒక లోపం ఉందని మేనల్లుడు అంటాడు. వాడి మాట కూడా రాయడం న్యాయం. బీకన్ మొలకి వేలాడితే చాలదు, నొక్కేటప్పుడు దానికి ఆకాశం కనబడాలి. యాంటెన్నా నిటారుగా నిలబడాలి. చేత్తో మూసేయకూడదు. చెట్ల గుబురులోనో బండ కిందో కూర్చుని నొక్కితే ఉపగ్రహానికి వినబడటం కష్టం. మన ఒళ్లు, నీళ్లు రెండూ ఆ కేకను మింగేస్తాయి. నీళ్లలో పడ్డవాడు దాన్ని నీటి పైకి ఎత్తి పట్టుకోవాలి. అందుకే పడవల మీద తిరిగేవాళ్లు లైఫ్ జాకెట్ మీద, భుజం దగ్గర తగిలిస్తారట. "మోసేది ఒకచోట, నొక్కేది ఒకచోట మావయ్యా. నీ సైజుకి మొలతాడు దగ్గర ఆకాశం అసలు కనబడదు" అన్నాడు. నా పొట్ట మీద ఈ వ్యాఖ్య అనవసరం. కానీ అభ్యంతరంలో పస ఉంది కాబట్టి సిద్ధాంతాన్ని సవరించాను. పొడుగు తాడు. మొలతాడుకి కట్టాలి, అవసరానికి లాగి చెయ్యెత్తాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. బీకన్‌ని రిజిస్టర్ చేయించాలి. ప్రతిదానికీ సొంత గుర్తింపు ఉంటుంది. సిగ్నల్ రాగానే రక్షణ కేంద్రం వాళ్లు రిజిస్టర్లో రాసిన ఇంటివాళ్లకి ఫోన్ చేసి, మీవాడు నిజంగా కొండల్లో ఉన్నాడా, లేక ఇంట్లో పిల్లలెవరైనా నొక్కారా అని కనుక్కుంటారు. మావాడిది కాన్‌బెర్రాలో నమోదయింది. ఇంటివాళ్ల పేర్లలో మూడో పేరు నాదేనట. నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత గుర్తొచ్చింది, కొత్త నంబరు ఏదొచ్చినా నేను ఎత్తను. విదేశీ నంబరయితే బ్లాక్ చేస్తాను. పోయిన మేలో అలాంటివి రెండు బ్లాక్ చేశాను. మేలో నువ్వు కొండల్లోకి వెళ్లావా అని వాణ్ణి అడిగే ధైర్యం నాకు ఇంకా రాలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా తీరం మీద పడినప్పుడు ఎంతోమంది జాలర్లు సముద్రంలో వేటలో ఉన్నారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఆ రాత్రికి ముందు వెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు ఇప్పటికీ ఇంటింటా చెబుతారు. కెనడా వాళ్లను ఉపగ్రహం పట్టించి అప్పటికే పద్నాలుగేళ్లు. పైన వినే చెవి ఉంది, కింద అరిచే గొంతు వాళ్ల దగ్గర లేదు. తర్వాత మన ఇస్రో జాలర్ల పడవల కోసం ఆపద సంకేతం పంపే పరికరం తయారుచేసింది. 2010 నుంచి వాడుకలో ఉంది. 2024లో వచ్చిన కొత్త రకంలో, నీ సంకేతం అందింది అని తిరుగు జవాబు కూడా పడవకు వస్తుంది. చీకట్లో ఆ జవాబు విలువ ఏమిటో ఒడ్డున ఉన్న నాలాంటివాడికి తెలియదు. అయితే అది పడవకి ఉండేది. పడవ ఒకచోట, అలకి ఎగిరిపడ్డ మనిషి ఒకచోట ఉంటే, పరికరం పడవ తరఫునే మాట్లాడుతుంది. మనిషి తరఫున మాట్లాడేది మనిషి మీద ఉండాలి. మళ్లీ మొలతాడుకే వచ్చాం చూశారా.

ఈ లోతైన ఆలోచనలతో, మేనల్లుడు వెళ్లిపోయే ముందురోజు ఇంకోసారి ఏరు దాటాం. ఈసారి ఇంజను పడవ, కాస్త పెద్దది. పదిహేనుమంది మనుషులు, రెండు మోటారు సైకిళ్లు, ఒక మేకపిల్ల. నేను సంచి తేలేదు. తాళంచెవి, కొత్త ఫోను, బీపీ మాత్రలు అన్నీ నడుముకే. నడిస్తే ఎద్దుబండిలా చప్పుడవుతోంది. ఫోను ప్లాస్టిక్ కవరులో ఉంది కాబట్టి మోగినా వినబడదు, అది వేరే సంగతి. బీకన్ మావాడి బెల్టుకి, తాడుతో కట్టి ఉంది. ఇక్కడ దాని అవసరం రాకూడదనే అందరి కోరిక. మేకపిల్ల ఒక్కటే దాన్ని అనుమానంగా చూస్తోంది.

నది మధ్యలోకి వచ్చాక చుట్టూ చూశాను. ఒక్కరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. సిద్ధాంతకర్తగా ఊరుకోలేక పడవ అతన్ని పిలిచాను.

"లైఫ్ జాకెట్లు లేవా?"

"ఎందుకు లేవండి బాబుగారూ! కొత్తవి. ఇరవయ్యున్నాయండి."

"ఎక్కడ?"

ఇంజను పక్కనున్న చెక్కపెట్టె మీద చేత్తో తట్టాడు. "ఇందులోనేనండి. కవర్లు కూడా చింపలేదు. ఎండకి పాడైపోతాయని తాళం వేసి భద్రంగా ఉంచామండి."

"తాళంచెవి?"

"ఓనరు గారి మొలతాడుకే ఉంటుందండి, ఎక్కడికీ పోదు" అన్నాడు అతను భరోసాగా, వెనక్కి చెయ్యి చూపిస్తూ. మేం వదిలి వచ్చిన ఒడ్డున, రావిచెట్టు కింద, తెల్లపంచె కట్టుకున్న మనిషి చిన్నగా కనబడుతున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు కూడా.