వివరాలు చెప్పని అప్‌డేట్‌ను ఆపాలా?

2022 నవంబర్ 1, మంగళవారం. కన్నడ రాజ్యోత్సవ సెలవు. బెంగళూరు మారతహళ్లిలో మా టీమ్ నలుగురం మాత్రం ల్యాప్‌టాప్‌లు ముందేసుకుని కూర్చున్నాం. ఇంటర్నెట్‌లో వెళ్లే సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీకి కొత్త వెర్షన్ 3.0.7 వస్తోందని, అందులో ఒక 'క్రిటికల్' లోపానికి మందు ఉందని దాని బృందం వారం ముందే చెప్పింది. మన టైమ్‌లో సాయంత్రం ఆరున్నర, రాత్రి పదిన్నర మధ్య విడుదల. ఆ లోపమేమిటో మాత్రం చెప్పలేదు.

"ఏముందో తెలియకుండా ప్రొడక్షన్‌లో ఎలా వేస్తాం? వివరాలు రానివ్వండి" అన్నారు మేనేజర్‌గారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ కోడ్ అందరికీ కనిపించే ఓపెన్ సోర్స్‌లో ప్యాచ్ (లోపాన్ని సరిచేసే మార్పు) బయటికొచ్చిందంటే గుట్టు సగం రట్టయినట్టే. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెడితే మార్పు ఎక్కడో తెలిసిపోతుంది. చేయి తిరిగినవాడికి అది చాలు. 2014 అక్టోబర్ 15న వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ డ్రూపల్ ఒక ప్యాచ్ ఇచ్చింది. ఏడు గంటల్లోపు వేసుకోని డ్రూపల్ 7 సైట్లన్నీ హ్యాక్ అయినట్టే భావించమని రెండు వారాలకు వాళ్లే ప్రకటించారు.

ముందు దొరికిన వారాన్ని లోపం ఏమై ఉంటుందా అన్న ఊహాగానాలతో గడిపేస్తాం. ఆ లైబ్రరీ మన దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతకం. మా ఎక్సెల్ షీట్‌లోని సర్వర్లన్నీ 1.1.1 మీదే ఉన్నాయి, లోపమేమో 3.0లోనే. హమ్మయ్య అనుకున్నాం. మా ఒంగోలు కుర్రాడు ఊరుకోక కంటైనర్ ఇమేజ్‌లు (యాప్‌నూ దానికి కావలసిన లైబ్రరీలనూ కలిపి కట్టిన మూటలు) ఒక్కొక్కటే తెరిచి చూశాడు. ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లు కట్టిన బిల్లింగ్ ఇమేజ్‌లో 3.0.2 తాపీగా కూర్చుని ఉంది. షీట్‌లో దాని పేరే లేదు.

తీరా విడుదలయ్యాక తీవ్రత 'క్రిటికల్' నుంచి 'హై'కి దిగింది. ఇంత హడావిడి దీనికా అని నవ్వారు. నవ్వనివ్వండి, ఆ ఇమేజ్ దొరికింది కదా!

అలాగని కనబడ్డ ప్రతి కొత్త వెర్షన్‌నూ ఎక్కించమనడం లేదు. ఫైళ్లను కుదించే లినక్స్ పరికరం ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగతలుపు ఉందని 2024 మార్చి 29న బయటపడింది. కొత్తదనం కోసం పరుగెత్తినవాళ్లకే అది తగిలింది; నిలకడకే పెద్దపీట వేసే లినక్స్ రకం డెబియన్ స్టేబుల్ జోలికి రాలేదు. ఇలాంటి స్టేబుల్ డిస్ట్రోలు (లినక్స్ రకాలు) సాధారణంగా పాత వెర్షన్‌కే మరమ్మతు అతికిస్తాయి. ఉబుంటు 22.04లో ప్యాచ్ పడ్డాక కూడా ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వెర్షన్ 3.0.2 అనే కనిపిస్తుంది (ఆడిటర్లకు అదో టెన్షన్). అలాంటి సెక్యూరిటీ ప్యాచ్‌ను ఒక సర్వర్‌లో పరీక్షించి, మిగతావాటికి ఆ రాత్రే వేసేయాలి. సర్వీసులు రీస్టార్ట్ చేయకపోతే పాత లైబ్రరీయే మెమరీలో నడుస్తుంటుంది.

మా షీట్‌లో ఆ రాత్రి ఒక కాలమ్ చేరింది: 'ఇది ఎవరిది?' సగం గళ్లు ఇప్పటికీ ఖాళీయే.