కవర్ కంటే గాడి ముఖ్యం

పాత బ్రిటిష్ కామెడీ ఎల్పీలు (గ్రామఫోన్ రికార్డులు) కొనేటప్పుడు ముందు కవర్ కండిషన్ చూడమని మీ వ్యాసంలో రాశారు. గోడకు తగిలించుకునే వాళ్లకైతే సరే. వినేవాళ్లు మాత్రం ముందు రికార్డును వెలుతురులో పెట్టి గీతలు చూసుకోవాలి. పాటల్లో చిన్న చిటపటలు వాయిద్యాల హోరులో కలిసిపోతాయి. బ్రిటిష్ హాస్యనటుడు టోనీ హాన్‌కాక్ లాంటివాడు జోకు ముందు ఒక్క క్షణం ఆగినప్పుడు, సరిగ్గా అక్కడే 'టప్'మంటే ఇంకేం నవ్వొస్తుంది? తన టీవీ కామెడీ ఎపిసోడ్ 'ది బ్లడ్ డోనర్'ని ఆయన 1961లో 'పై' (Pye) అనే రికార్డు కంపెనీ ఎల్పీ కోసం మళ్లీ రికార్డ్ చేశాడు. టీవీ ఎపిసోడ్ చూసేసినవాళ్లు కూడా ఇది వేరుగా వినాలి.

రికార్డు ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ గురించి మీరు ఒక్క ముక్కైనా రాయకపోవడం మాత్రం అన్యాయమండీ. బీటిల్స్ రాకముందే ఆయన పార్లోఫోన్ అనే రికార్డు కంపెనీలో హాస్యనటుడు పీటర్ సెల్లర్స్ రికార్డులు చేశాడు. స్టూడియోలో చిత్రవిచిత్రమైన శబ్దాలు పుట్టించడం అక్కడే బాగా అలవాటైందని నా నమ్మకం.

ఇక మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం 1973 ఎల్పీ 'మ్యాచింగ్ టై అండ్ హ్యాండ్‌కర్చీఫ్'లో ఒకవైపు రెండు గాడులు (ముల్లు నడిచే సన్నని దారులు) పక్కపక్కనే చెక్కారు. ముల్లు ఏ గాడిలో పడితే ఆ స్కెచ్‌లే (చిన్న హాస్య సన్నివేశాలే) వినపడతాయి. పైగా రెండు వైపులా లేబుల్ మీద 'సైడ్ 2' అనే ఉంటుంది! సీడీలో ఈ అల్లరి కుదరదు. తర్వాతి ముద్రణ దొరికితే కొనేముందు ఆ రెండో గాడి ఉందో లేదో అమ్మేవాణ్ణి అడగండి.