సెనేట్ ఒప్పుకుంటేనే దేవుడు

రోమన్ దేవుళ్ల గురించి ఎక్కడ చదివినా ముందు ఒక పట్టిక ఎదురవుతుంది. జ్యూస్ అంటే జూపిటర్, హీరా అంటే జూనో, ఏరీస్ అంటే మార్స్, అఫ్రోడైటీ అంటే వీనస్. గ్రీకుల దేవుళ్లకు రోమన్లు పేర్లు మార్చి పెట్టుకున్నారు, అంతకు మించి ఏమీ లేదన్నట్టు ఉంటుంది. క్విజ్ పోటీలకు ఆ పట్టిక సరిపోతుంది. రోమ్‌ను అర్థం చేసుకోవాలంటే మాత్రం అదే అడ్డంకి. గ్రీకు దేవుళ్ల స్వభావం వాళ్ల కథల్లో తెలుస్తుంది. రోమన్ దేవుళ్ల స్వభావం తెలియాలంటే రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ తీర్మానాలు చూడాలి, గుడి ఏ యుద్ధం తర్వాత కట్టారో చూడాలి, ఖర్చు ఎవరు పెట్టారో చూడాలి.

దీనికి క్రీ.పూ. 217 నాటి సంగతులే మంచి ఉదాహరణ. ఆ ఏడాది త్రాసిమెన్ సరస్సు ఒడ్డున, ఇటలీ మీదికి దండెత్తి వచ్చిన కార్తేజ్ సేనాపతి హానిబాల్ పన్నిన వలలో రోమన్ సైన్యం చిక్కుకుంది. కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) ఫ్లమీనియస్‌తో పాటు సుమారు 15,000 మంది చనిపోయారు. నగరమంతా భయం. అధికారం చేతికి వచ్చిన ఫాబియస్ మాక్సిమస్ సెనేట్‌లో మొదట మాట్లాడింది సైన్యం గురించి కాదు. ఫ్లమీనియస్ దూకుడు కన్నా, చేయాల్సిన పూజలు చేయకపోవడమే పెద్ద తప్పు అన్నాడు. ఆపద వచ్చినప్పుడు సంప్రదించే సిబిల్ జోస్య గ్రంథాలు తెరిచి చూశారు. మార్స్‌కు మొక్కిన మొక్కు సరిగా చెల్లించలేదని, దాన్ని మళ్లీ ఇంకా పెద్దగా చెల్లించాలని తేలింది. జూపిటర్‌కు క్రీడోత్సవాలు, 300 ఎద్దులు. సిసిలీలోని ఎరిక్స్ కొండ మీది వీనస్‌కు రోమ్‌లో గుడి.

క్రీడోత్సవాల ఖర్చును రోమన్ చరిత్రకారుడు లివీ రాసిపెట్టాడు: 3,33,333 ఆస్‌లు (కంచు నాణేలు), ఆపైన ఒక ఆస్‌లో మూడో వంతు. శత్రువు ఇటలీ నడిబొడ్డున తిరుగుతుంటే దేవుడి పద్దులో నాణెం ముక్క దాకా లెక్క వేశారు.

ఆ సందర్భంలోనే 12 మంది ప్రధాన దేవతలకు మూడు రోజుల పాటు బహిరంగ విందు చేశారు. ఆరు మంచాలు వేసి, ఒక్కో మంచం మీద ఇద్దరిద్దరి ప్రతిమలను కూర్చోబెట్టారు. జూపిటర్, జూనో ఒకచోట. నెప్ట్యూన్, మినర్వా మరోచోట. తర్వాత మార్స్‌తో వీనస్, అపోలోతో డయానా, వల్కన్‌తో వెస్టా, మెర్క్యురీతో సెరిస్. మనం ఇప్పుడు ‘రోమన్ ప్రధాన దేవతలు’ అని చదివే జాబితా ఇదే. ఆ జంటలు కూర్చడంలో గ్రీకు ప్రభావం ఉందన్న మాట నిజం. కానీ ఆ 12 మందిని ఒకే వరసలోకి తెచ్చింది ఏ కవి ఊహో కాదు, యుద్ధంలో తగిలిన దెబ్బ. పట్టికలో ఆ సంగతి ఉండదు.

అదే ఏడాది మొక్కిన ‘పవిత్ర వసంతం’ మొక్కు ఇంకా ఆసక్తికరం. ఐదేళ్ల పాటు రాజ్యం క్షేమంగా ఉంటే ఒక వసంతంలో పుట్టిన పందులు, గొర్రెలు, మేకలు, పశువుల పిల్లలన్నీ జూపిటర్‌కే. ఇది ప్రజల సొత్తుకు సంబంధించిన మాట కాబట్టి ప్రజల ఓటు లేకుండా మొక్కడం కుదరదని ప్రధాన పూజారి చెప్పాడు. దాంతో ఓటింగ్ పెట్టారు. ఇక ఆ మొక్కు పాఠం చూస్తే అచ్చం లాయర్ రాసిన దస్తావేజు. బలి ఇవ్వాల్సిన జంతువు ముందే చచ్చిపోతే దోషం లేదు. ఎవరైనా తెలియక చంపితే దోషం లేదు. దొంగలు ఎత్తుకుపోతే ఆ పాపం ప్రజలకూ అంటదు, పోగొట్టుకున్నవాడికీ అంటదు. తెలియక చెడ్డ రోజున బలి ఇచ్చినా చెల్లుతుంది. రాత్రి చేసినా పగలు చేసినా, బానిస చేసినా స్వతంత్రుడు చేసినా చెల్లుతుంది.

మొక్కు మనకు కొత్త కాదు. కొండకు నడిచి వస్తాననో తలనీలాలు ఇస్తాననో మొక్కుకోవడం తెలుగు ఇళ్లలో మామూలే. కానీ ‘మేక దొంగల పాలైతే నా బాధ్యత లేదు’ అని దేవుడికి ముందే షరతు పెట్టడం మనకు తోచదు. రోమన్లకు అది భక్తిలో లోపంగా అనిపించలేదు. దేవుణ్ణి గౌరవించడం అంటే ఒప్పందంలో అస్పష్టత లేకుండా చూసుకోవడమే అనుకున్నారు. ఆ మొక్కును చివరికి క్రీ.పూ. 195లో తీర్చారు. సరిగా జరగలేదని ప్రధాన పూజారి తేల్చేసరికి మరుసటి ఏడాది మొత్తం మళ్లీ చేశారు. అప్పటికి హానిబాల్‌తో యుద్ధం ముగిసి ఆరేళ్లు దాటింది. దేవుడి బాకీ మాత్రం అలాగే ఉంది.

దేవుడితో బేరం అనే ఈ ఆలోచన వాళ్ల కథల్లోనూ కనిపిస్తుంది. రోమ్ రెండో రాజుగా చెప్పే న్యూమా పిడుగుపాటుకు ప్రాయశ్చిత్తం అడిగితే, తల నరకమన్నాడు జూపిటర్. ‘అలాగే, ఉల్లిగడ్డ తల’ అన్నాడు న్యూమా. మనిషిది అన్నాడు దేవుడు. ‘వెంట్రుకలు’ అన్నాడు రాజు. ప్రాణం కావాలన్నాడు దేవుడు. ‘చేప ప్రాణం’ అన్నాడు రాజు. జూపిటర్ నవ్వి ఒప్పుకున్నాడు. గ్రీకు కథల్లో జ్యూస్‌ను మోసం చేసిన ప్రొమీథియస్‌ను కొండకు కట్టేసి గద్దతో కాలేయం తినిపించారు. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదివితే జ్యూస్, జూపిటర్ ఒకరే అనడానికి నోరు రాదు.

పట్టిక అందరికన్నా ఎక్కువ అన్యాయం చేసింది మార్స్‌కు. గ్రీకుల ఏరీస్ రక్తపిపాసి. దేవతలందరిలో నువ్వంటేనే నాకు ఎక్కువ అసహ్యం అని హోమర్ కావ్యంలో తండ్రి జ్యూసే అంటాడు. రోమ్‌లో మార్స్ రోములస్‌కు తండ్రి, అంటే జాతికే మూలపురుషుడు. జూపిటర్, మార్స్, క్విరినస్ అనే పాత త్రయంలో ఒకడు. ఆ ముగ్గురికీ ప్రత్యేకంగా ముగ్గురు పెద్ద పూజారులు ఉండేవారు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో రోమన్ రాజకీయవేత్త కేటో రాసిన వ్యవసాయ గ్రంథంలో ఒక ప్రార్థన ఉంది. రైతు తన పొలం చుట్టూ పంది పిల్లను, గొర్రె పిల్లను, దూడను తిప్పి మార్స్ తండ్రిని వేడుకుంటాడు. కనిపించే రోగాలనూ కనిపించని రోగాలనూ తరిమెయ్యి, పంటను, ద్రాక్ష తోటను, కాపరులను, మందను కాపాడు అంటాడు. యుద్ధం ఊసే లేదు. పొలిమేర దాటి లోపలికి వచ్చే కీడును, అది శత్రువైనా తెగులైనా, అడ్డుకునేవాడు మార్స్. బలిలో ఏదైనా నచ్చకపోతే ఏమని చెప్పి మళ్లీ బలి ఇవ్వాలో కూడా కేటో రాశాడు. ఇక్కడా దస్తావేజు భాషే.

సెరిస్ కూడా అంతే. ఆమెను డిమీటర్ అని, ధాన్యపు దేవత అని చెప్పి వదిలేస్తారు. క్రీ.పూ. 493లో అవెంటైన్ కొండ దగ్గర ఆమెకు కట్టిన గుడి సామాన్య జనానికి, అంటే ప్లెబియన్లకు, రాజకీయ కేంద్రం. కాపిటల్ కొండ మీద జూపిటర్, జూనో, మినర్వా ఉన్నది ప్రభువర్గం పెత్తనం చేసే రాజ్యానికి గుర్తుగా. కింద సెరిస్ గుడిలో ఉండేది జనం ఎన్నుకున్న అధికారుల కార్యాలయం. క్రీ.పూ. 449 తర్వాత సెనేట్ తీర్మానాల ప్రతులను ఆ గుడికి పంపడం మొదలైంది. పెద్దలు తీర్మానాలను తమకు నచ్చినట్టు దాచేయకుండా, మార్చేయకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. జనం ప్రతినిధి మీద చెయ్యి చేసుకున్నవాడి ఆస్తిని వేలం వేసేదీ అక్కడే. ధాన్యం, హక్కు ఒకే గుడిలో ఉన్నాయన్నమాట. నాకు రోమన్ దేవతలందరిలోనూ ఎక్కువ ఆసక్తి కలిగించేది ఈవిడే. పౌరాణిక పుస్తకాల్లో ఆమెకు దక్కేది మాత్రం కూతురి కోసం ఏడ్చే తల్లి పాత్ర, అదీ గ్రీకు కథే.

ఇక ద్వారాలకూ ఆరంభాలకూ దేవుడైన జేనస్‌కు పట్టికలో చోటే లేదు, గ్రీకుల్లో అతనికి జోడీ లేడు కాబట్టి. కానీ ప్రార్థనల్లో మొదటి పిలుపు అతనిదే. యుద్ధం ఉంటే అతని ద్వారాలు తెరిచి ఉంచాలి, అంతటా శాంతి ఉంటే మూయాలి. తనకు ముందు రోమ్ చరిత్ర మొత్తంలో రెండుసార్లే మూశారని, తన హయాంలో మూడుసార్లు మూశారని తొలి చక్రవర్తి అగస్టస్ గర్వంగా చెక్కించుకున్నాడు.

ఈ దేవుళ్లు బయటి నుంచి ఎలా వచ్చారన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. క్రీ.పూ. 396లో పక్కనున్న వేయీ నగరాన్ని ముట్టడించినప్పుడు రోమన్ సేనాపతి కమిల్లస్ ఆ ఊరి జూనోనే వేడుకున్నాడు: మా ఊరు రా, నీకు తగిన గుడి కడతాం అని. ఊరు పడిపోయాక ఒక కుర్రాడు విగ్రహం ముందు నిలబడి, ‘జూనో, రోమ్‌కు వస్తావా?’ అని అడిగాడని, ఆమె తల ఊపిందని లివీ చెబుతాడు. నాలుగేళ్లకు అవెంటైన్ మీద గుడి లేచింది. శత్రువు దేవతను విరగ్గొట్టడం కన్నా తనవైపు తిప్పుకోవడం లాభమని రోమ్ తొందరగానే గ్రహించింది. యుద్ధనీతిగా చూస్తే ఇది చాలా తెలివైన పని, కాస్త భయపెట్టే పని కూడా.

ఇలాంటివి చూసే చాలామంది ‘రోమన్లు పరమత సహనం గలవాళ్లు’ అని రాస్తుంటారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. క్రీ.పూ. 204లో ఆసియా మైనర్ నుంచి మహామాతను, అంటే సిబెల్‌ను, ఒక నల్లరాయి రూపంలో తెచ్చారు. ఆమె వస్తే విదేశీ శత్రువును ఇటలీ నుంచి తరిమేయొచ్చని సిబిల్ గ్రంథాలు చెప్పాయి. సకల మర్యాదలతో స్వాగతించి, పాలటైన్ కొండ మీద గుడి కట్టి క్రీ.పూ. 191లో ప్రారంభించారు. కానీ వృషణాలు కోసుకుని, డప్పులతో ఊగిపోయే ఆమె పూజారులను చూసి సెనేట్ కంగారు పడింది. రోమన్ పౌరులెవరూ ఆ పూజారులు కాకూడదని కట్టడి చేసింది. దేవతకు అనుమతి దొరికింది, ఆమె భక్తి పద్ధతికి దొరకలేదు.

క్రీ.పూ. 186లో ద్రాక్షసారా దేవుడు బాకస్ భక్తుల మీద విరుచుకుపడిన తీరు చూస్తే సహనం అనే మాట అసలు నిలబడదు. 7,000 మందికి పైగా చిక్కుకున్నారని, జైలు పాలైనవాళ్ల కన్నా మరణశిక్ష పడ్డవాళ్లే ఎక్కువని లివీ రాశాడు. నాటి సెనేట్ ఆదేశం చెక్కిన కంచు పలక 1640లో దక్షిణ ఇటలీలోని టిరియోలోలో దొరికింది. ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. అందులో బాకస్‌ను పూజించొద్దని లేదు. పూజకు ఇద్దరు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లకు మించి చేరకూడదు. మించి చేరాలంటే కనీసం 100 మంది సభ్యులు హాజరైన సెనేట్ అనుమతి కావాలి. మగవాళ్లు పూజారులుగా ఉండకూడదు. ఉమ్మడి నిధి పెట్టుకోకూడదు. ఈ చివరి నిబంధనలోనే అసలు సంగతి బయటపడుతుంది. ఎవరి దేవుడు ఎవరన్నది సెనేట్‌కు పట్టింపు లేదు. తనకు తెలియకుండా జనం కూడటం, ప్రమాణాలు చేసుకోవడం, డబ్బు పోగేయడం దానికి టెన్షన్. దీన్ని సహనం అనడం కన్నా లైసెన్సు విధానం అంటే సరిగ్గా ఉంటుంది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఈజిప్టు దేవత ఐసిస్ పూజా స్థలాలను పదేపదే కూల్చిన రోమ్, చక్రవర్తుల కాలంలో ఆమెకు నగరంలోనే పెద్ద గుడి కట్టుకోనిచ్చింది. మారింది అనుమతి ఇచ్చేవాళ్ల లెక్క.

అనుమతితో దేవుళ్లను తేగలిగినప్పుడు అదే దారిలో మనుషులను దేవుళ్లను చేయడం పెద్ద విషయమా? క్రీ.పూ. 42లో జూలియస్ సీజర్‌ను సెనేట్ దేవుడిగా ప్రకటించింది. దత్తపుత్రుడు ఆక్టేవియన్ (తర్వాత అగస్టస్ అయినవాడు ఇతనే) నాణేల మీద ‘దైవపుత్రుడు’ అని వేయించుకున్నాడు. క్రీ.శ. 14లో అగస్టస్ చనిపోయినప్పుడు ఆయన ఆత్మ పైకి వెళ్లడం కళ్లారా చూశానని ఒక సెనేటర్ ప్రమాణం చేశాడు. అందుకు అగస్టస్ భార్య లివియా 10 లక్షల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) ఇచ్చిందని చరిత్రకారుడు డియో కాసియస్ నమోదు చేశాడు. తర్వాతి చక్రవర్తులు టైబీరియస్, కలిగులాలకు ఆ యోగం పట్టలేదు. వెస్పాసియన్ చక్రవర్తి అయితే జబ్బు పడగానే, ‘అయ్యో, దేవుణ్ణయిపోతున్నట్టున్నాను’ అని జోక్ వేశాడట.

రోమన్ నాణేలు మన కృష్ణా, గుంటూరు, నల్గొండ ప్రాంతాల్లోనూ దొరికాయి. దక్షిణ భారతంలో ఎక్కువగా బయటపడిన అగస్టస్ వెండి నాణెం ఒకటుంది. దాని వెనకవైపు ఆయన మనవలు ఇద్దరు బల్లేలు, డాళ్లతో నిలబడి ఉంటారు. వాళ్ల పైన పూజారి వాడే గరిటె, శకునాలు చూసేవాడి వంకీ కర్ర చెక్కి ఉంటాయి. దేవుడి బొమ్మ ఉండదు. రాజకుటుంబం గొప్పతనం చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న గుర్తులు పూజారి పదవులవి.

దేవుళ్లు ఇంతగా ప్రభుత్వంతో ముడిపడి ఉంటే ప్రభుత్వం చెయ్యి తీసేసిన రోజున ఏమవుతుంది? క్రీ.శ. 382లో గ్రేషియన్ చక్రవర్తి వెస్టా కన్యలకూ (పొయ్యి దేవత వెస్టా నిప్పును కాపాడే పూజారిణులు) పాత పూజలకూ ఇచ్చే నిధులు ఆపేశాడు. సెనేట్ భవనంలోని విజయదేవత వేదికను తీయించాడు. రెండేళ్లకు నగరాధిపతి సిమ్మాకస్ వాటిని తిరిగి ఇమ్మని వినతి రాస్తే, మిలాన్ బిషప్ ఆంబ్రోస్ అడ్డుపడి గెలిచాడు. సొంత డబ్బులతో పూజలు చేసుకోవచ్చు కదా అని నేటి పాఠకుడికి అనిపిస్తుంది. ఖజానా నుంచి ఖర్చు పెట్టకపోతే ఆ క్రతువు చెల్లదని సెనేటర్లు వాదించినట్టు ఆ తర్వాతి చరిత్రకారుడు జోసిమస్ రాశాడు. ఒప్పందం రాజ్యం చేసింది, బాకీ రాజ్యానిది, ఇంకొకరు చెల్లిస్తే ఎలా కుదురుతుందన్నది వాళ్ల ప్రశ్న. క్రీ.పూ. 217లో మొక్కుకు ప్రజల ఓటు అడిగిన పూజారి కూడా ఈ వాదననే సమర్థించేవాడు.

గుళ్ల సంగతి అలా తేలిపోయింది. ఇంటి దేవుళ్లు అంత సులభంగా లొంగలేదు. లారెస్, పెనాటెస్ అనే గృహదేవతలకు ఖజానాతో పని లేదు, సెనేట్ అనుమతీ అక్కర్లేదు. వంటింటి నిప్పు, కాస్త ద్రాక్షసారా, గుప్పెడు సాంబ్రాణి చాలు. అందుకే క్రీ.శ. 392 నవంబరులో థియోడోసియస్ ఇచ్చిన చట్టం ఇళ్లలోకి కూడా వెళ్లాల్సి వచ్చింది. లార్‌కు నిప్పుతో, ఇంటి పెద్దను కాపాడే దైవమైన జీనియస్‌కు మద్యంతో, పెనాటెస్‌కు ధూపంతో పూజ చేయకూడదని, దీపాలు వెలిగించకూడదని, దండలు వేలాడదీయకూడదని ఒక్కొక్కటే పేరుపెట్టి నిషేధించింది.