దిబ్బ చాటు ఊళ్లు

సముద్రం కనబడేలా ఇల్లు కట్టుకోవాలన్నది పట్నంవాళ్ల సరదా. ప్రకాశం, నెల్లూరు తీరంలో పుట్టి పెరిగినవాళ్లు ఆ పని పెద్దగా చేయలేదు. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా పాత పల్లెపాలేలు, అంటే మత్స్యకారుల ఊళ్లు, చూడండి. చాలాచోట్ల అలలకీ గడపలకీ మధ్య ఇసుక దిబ్బ, దాని మీద తాటిచెట్లో సరుగుడు తోపో అడ్డం ఉంటాయి. వేటకు వెళ్లేవాడికి సముద్రం రోజూ కనబడేదే, ఇంటికొచ్చాక కూడా దాన్నే చూస్తూ కూర్చోవాలని అతనికేం ఉండదు. ఆ దిబ్బే ఊరికి ప్రాణం అని నా అభిప్రాయం. బీచ్ ప్లాట్లు అమ్మేవాళ్లు ముందుగా చదును చేసేదీ దాన్నే.

దిబ్బ గాలిని ఆపడమే కాదు, దాహానికీ ఆసరా. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటి కంటే తేలిక, అందుకే దాంట్లో అంత తొందరగా కలవకుండా పైన పొరలా నిలుస్తుంది. ఆ పొర అందేదాకా తవ్విన గుంటే దొరువు. ఒక పక్క ఏటవాలుగా దారి వదులుతారు. మనిషి రెండు చేతులా రెండు కుండలతో దిగి, ముంచుకుని, ఎక్కి, నారుమడి మీద వాన పడ్డట్టు చల్లి, మళ్లీ దిగుతాడు. నడుములు విరిగే చాకిరీ, అందులో అందం వెతకడం నాకు నచ్చదు. కానీ ఆ పద్ధతిలో ఒక లెక్క ఉంది. మనిషి మోయగలిగినంత నీళ్లే బయటికొస్తాయి. మోటారు పెట్టి గంటలకొద్దీ లాగితే అడుగునున్న ఉప్పు పైకి తేలుతుంది, ఆపైన నారు సంగతి దేవుడెరుగు.

ఈ తీరానికి వచ్చిపోయిన వైభవాలు తక్కువేం కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునేవారు. ఆయన ఆ అలవాటు మాన్పించి, ముప్ఫయ్యో వంతు సుంకంతో సరిపెట్టాడు. మార్కో పోలో రాసుకున్న ముత్ఫిలి ఇదే అంటారు. నిన్నమొన్నటి దాకా ప్రకాశంలో ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లి ఇప్పుడొక మామూలు పల్లె. అటు పాత నెల్లూరు జిల్లా దుగరాజపట్నంలో 1626 ప్రాంతంలో దిగిన ఇంగ్లీషు కంపెనీ, మద్రాసులో చోటు దొరకగానే మూటాముల్లె సర్దుకుంది. 1876-78 కరవులో కూలీలతో కొంత భాగం తవ్వించిన బకింగ్‌హాం కాలువ మీద ఉప్పూ కట్టెలూ పడవల్లో సాగాయి. ఇప్పుడు చాలాచోట్ల అది తూడు పట్టిన మడుగు. 1930లో దేవరంపాడు శిబిరం నుంచి ప్రకాశం పంతులుగారు ఉప్పు సత్యాగ్రహం నడిపారు.

రేవులు పోయాయి, పడవలు ఆగాయి. పల్లెపాలేలు మాత్రం ఉన్నాయి. ఓడల మీద బతికిన ఊరు ఓడలతో పోతుంది, చేపా దొరువూ రెండూ ఉన్న ఊరు ఎలాగో నెట్టుకొస్తుంది. పొద్దున్నే ఒడ్డున చేపల వేలంపాట జరిగేచోట నిలబడితే తెలుస్తుంది. ఫైబరు పడవ ఇసుక తాకకముందే ఆడవాళ్లు తట్టలతో చుట్టూ మూగుతారు. కానాగడతలూ నెత్తళ్లూ కుప్ప పోయగానే ధర పలుకుతుంది, పది నిమిషాల్లో కుప్ప మాయం. మామిడికాయ వేసిన చేపల పులుసు గురించి వేరే చెప్పాలా!

అలాగని అంతా హాయి అనుకోకండి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. మిగతా రోజుల్లో తమిళనాడులోని కడలూరు నుంచి వచ్చే హైస్పీడు బోట్లతో పేచీ. 1979 మేలో ఒక తుపాను, 1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖ నుంచి ఇంతదూరం వచ్చి కావలి దగ్గర తీరం దాటిన పెను తుపాను, 2004లో సునామీ. ఇవన్నీ చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది తుపాను కాదు, అది వచ్చి వెళ్లిపోతుంది. తొంభైల్లో వచ్చిన రొయ్యల చెరువు వెళ్లలేదు. చెరువులో నింపిన ఉప్పునీరు ఇసుకలోకి దిగితే పక్కనున్న దొరువు ఉప్పెక్కుతుంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని చెరువులను తొలగించమంది. 2005లో చట్టం తెచ్చి వాటికి మళ్లీ దారి ఇచ్చారు. ఇప్పుడు రిసార్టుల వంతు. 2019 జనవరిలో వచ్చిన తీర నియంత్రణ నిబంధనల ప్రకారం, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 దాటిన గ్రామీణ తీరంలో కట్టడాలు నిషిద్ధమైన మేర 200 మీటర్ల నుంచి 50కి తగ్గుతుంది. కాగితం మీద 150 మీటర్లంటే చిన్న సంగతే. చాలా ఊళ్లలో దిబ్బ ఉన్నది సరిగ్గా అక్కడే.

ఈ నిబంధనల్లోనే ఒక మంచి మాట కూడా ఉంది. మత్స్యకారుల ఉమ్మడి స్థలాలను, అంటే చేపలు ఎండబెట్టే చోట్లలాంటివాటిని, స్థానిక మ్యాపుల్లో గుర్తించాలి. పడవలు నిలిపే ఇసుకకీ వలలు బాగుచేసుకునే చోటుకీ సాధారణంగా పట్టా ఉండదు. రేపు కంచె పడితే అడిగే దిక్కుండదు. కాబట్టి పంచాయతీలు ఆ మ్యాపును తెప్పించుకుని గ్రామసభలో పరిచి చూడాలి. దిబ్బలనూ దొరువులనూ కూడా సర్వే నంబర్లతో అందులో ఎక్కించమని పట్టుబట్టాలి, ప్లాట్ల బోర్డు పాతకముందే.