కాటా మీద ట్రాక్టరుంది, మీ వెర్షన్ సంగతి తర్వాత

పొద్దుట్నుంచీ తల వేడెక్కి ఉంది, రాసేస్తే గానీ తగ్గదు. దామలచెరువు దారిలో మాకు వే బ్రిడ్జి ఉందని ఇక్కడ చాలామందికి తెలుసు. ఇది తోతాపురి సీజన్, ఊపిరి తీసుకోవడానికి కూడా టైం ఉండదు. పది గంటలప్పుడు ఒక ట్రాక్టరు కాటా ఎక్కింది, ఇండికేటర్లో 6,240 అని ఎర్రగా వెలుగుతోంది, కంప్యూటర్ స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. హార్డ్ డిస్క్ రెండుసార్లు టిక్కుమని చచ్చిపోయింది. వెనకాల పదకొండు ట్రాక్టర్లు, అన్నీ హారన్లే. చేత్తో రాసిచ్చిన చీటీని మండీలో ఒప్పుకోరు.

మా అక్క కొడుకు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్, సెలవుకొచ్చి ఇంట్లో పడుకుని ఉంటే లేపుకొచ్చాను. అటక మీద పాత హార్డ్ డిస్క్ ఒకటుంటే బిగించి, పెన్ డ్రైవ్‌లో డెబియన్ 13 అనే లైనక్స్ రకం తెచ్చి పెట్టాడు. స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు రెండు లైన్లు. ఈ కెర్నెల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, 64 బిట్ ప్రాసెసర్ కావాలి, నాకు కనబడింది ఐ686 మాత్రమే అని. "మామా, నీ మిషన్ 32 బిట్. డెబియన్ 13లో దీనికి ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. పాత సామాన్లవాడికి వేసెయ్" అన్నాడు. అన్నందుకు కాదు, నవ్వుతూ అన్నాడు చూడండి, అక్కడ కాలింది నాకు.

నాది పెంటియం ఫోర్, 2004లో చిత్తూరులో కొన్నది. వెనకాల తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది, ఇండికేటర్ నుంచి బరువు ఆ వైర్లోనే అంకెలుగా వస్తుంది. పక్కనే ప్రింటర్ పోర్టు, దానికి డాట్ మ్యాట్రిక్స్. కార్బన్ స్లిప్పు మూడు కాపీలు, రైతుకొకటి, మండీకొకటి, నాకొకటి. ఇరవై ఏళ్ళ పైనుంచీ దాని పని ఇంతే, ఒక్కరోజు ఎక్కువ అడగలేదు, తక్కువ చెయ్యలేదు. ట్రాక్టరు తూకం చదవడానికి 32 బిట్లు చాలవా? కాయలు ఏమన్నా 64 బిట్లలో కాస్తున్నాయా?

అసలు నేను లైనక్స్‌కి వచ్చిందే ఇందుకు. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి సపోర్టు ఆపేశారు, గుర్తుందా? ఆ నెలలోనే మా కాటా సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయన దిగబడి, కొత్త విండోస్, కొత్త పీసీ, దానికి మళ్ళీ కొత్త లైసెన్స్ అని లిస్టు రాసిచ్చాడు. పాత లైసెన్స్ డబ్బులేమయ్యాయప్పా అంటే నా మొహం చూసి టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ టీ డబ్బులు కూడా నావే. అప్పుడు అందరూ నాకు చెప్పిందేమిటి? లైనక్స్ వేసుకో, పాత మిషన్లకి ప్రాణం పోస్తుంది అని. పోసింది, కాదనను. ఇప్పుడు ఆ చేత్తోనే గొంతు నొక్కుతున్నారు.

మావాడు కెర్నెల్ రాసేవాళ్ళ తరఫు లాయరు. 486 అనే పాత ఇంటెల్ చిప్‌లో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు లేవట, వాటికోసం కెర్నెల్లో పక్కదారులు వేసి ఉంచాలట, ఎప్పుడన్నా అక్కడ తేడా వస్తే ఎవడో ఒకడు రోజంతా దాని వెంట పడాలట. అందుకని 2025లో కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ ప్యాచ్‌లు పంపాడు, 14 వేల లైన్లకి పైగా తీసెయ్యొచ్చని. దానిమీద ఒక్క సెకను కూడా దండగని లైనక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అన్నాడట. సరే, ఒప్పుకుంటా. 2024 జనవరిలో కెర్నెల్ 6.7 వచ్చినప్పుడు ఇటానియం అనే ఇంకో ఇంటెల్ చిప్‌ని తీసేస్తే నేనేమన్నా అడిగానా? దాన్ని నేను కళ్ళతో కూడా చూడలేదు. కానీ నాది 486 కాదు కదా స్వామీ! పైగా ఆ లైనస్ 1991లో లైనక్స్ మొదలుపెట్టిందే 486 కన్నా పాతదైన 386 చిప్ మీద. 2012 డిసెంబర్లో దాన్ని తీసేసినప్పుడు నాకు సెంటిమెంట్లు లేవన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న.

ఇంకో తమాషా. మావాడే చెప్పాడు, కెర్నెల్ వాళ్ళు నీలాంటి 32 బిట్ మిషన్లని ఇంకా తియ్యలేదు మామా, తీసింది డిస్ట్రో వాళ్ళు, అంటే డెబియన్ లాంటివి తయారుచేసి ఇచ్చేవాళ్ళు అని. డిస్ట్రో వాళ్ళనడిగితే చూసుకునే మనుషులు లేరంటారు.

ఈ మాట నేను ఎక్కడో విన్నానే అనుకున్నా. 2025 సీజన్లో విన్నా! తోతాపురి కిలో 12 రూపాయలన్నారు, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం. రైతు పోయి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే అక్కడ ఒక మాట, ఆఫీసుకి పోతే ఇంకో మాట, మధ్యలో ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూలో, కాయలు ట్రాలీలోనే మగ్గి రసం కారి రోడ్డంతా ఈగలు. నా కాటా మీదే ఒకాయన లోడు తూకం ఒకరోజు వేయించి, ఫ్యాక్టరీలో దించలేక మూడోరోజు వెనక్కి తెచ్చి మళ్ళీ వేయించాడు. 180 కిలోలు తగ్గింది. రెండోసారికి డబ్బులు తీసుకోలేదు నేను. ఆ రోజు మాత్రం నా కంప్యూటర్‌కి ఏ సపోర్టూ తక్కువ కాలేదు, సపోర్టు లేనిది ఆయనకే.

ఎక్కడున్నాను? ఆ, పొద్దుటి కంప్యూటర్ సంగతి. సీరియల్ వైరుకి యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టుకుని కొత్త ల్యాప్‌టాప్ వాడమన్నారు మహానుభావులు. పెట్టి చూశాం. 6,240 రావాల్సిన చోట ప్రశ్నార్థకాలూ గళ్ళూ వచ్చాయి. ఆ స్లిప్పు మండీలో ఇస్తే తంతారు.

చివరికి సాయంత్రం పాత డెబియన్ 12 దించి ఎక్కించాడు, చక్కగా లేచింది. మావాడికి మొహం చెల్లక స్లిప్పుల అంచులు చింపుకుంటూ కూర్చున్నాడు. ఆ వెర్షన్ కూడా ఎప్పుడో ఆపేస్తారు మామా అంటున్నాడు మళ్ళీ.

ఎవరి దగ్గరన్నా పనిచేసే ఐడీఈ (పాతకాలం వెడల్పు కేబుల్ ఉండే) హార్డ్ డిస్క్ ఉంటే చెప్పండి, 40 జీబీ అయినా చాలు, నేనే తిరుపతికి వచ్చి తీసుకుంటా. కొత్త పీసీ కొనుక్కోమని సలహా ఇచ్చేవాళ్ళు దయచేసి ఈ పోస్టు వదిలి వెళ్ళిపోండి.